ఒకే మాటకు మూడు తాళాలు

నర్సీపట్నం ఆర్డీవో ఆఫీసులో గుమాస్తా సుందరరామయ్య గారి పెద్దమ్మాయి లలితాంబకి లెక్కల పిచ్చి అని వీధిలో అందరికీ తెలుసు. ఏ లెక్కలో మాత్రం ఎవరికీ తెలీదు. ఎమ్మెస్సీ అయి రీసెర్చిలో చేరినప్పుడు ఇరుగుపొరుగు "దేని మీద?" అని అడిగితే, "రహస్యాల మీదట" అని తల్లి వర్ధనమ్మ నవ్వేసేది.

అది 1982. యలమంచిలిలో రైలెక్కి చాలా దూరం వెళ్తే ఆ యూనివర్సిటీ. ఆడపిల్ల, పెళ్ళి కుదిరితే మధ్యలో వదిలేస్తుందని మిగతా ప్రొఫెసర్లు వెనకాడితే, యాజులు గారొక్కరే "నా దగ్గరికి పంపించండి" అన్నారు. కంప్యూటర్ల మధ్య ఫోను తీగల మీద వెళ్ళే మాటల్ని పరాయివాడు చదవకుండా దాచే విద్య ఆయనది. అప్పటికి దేశంలో ఆ పని చేసేవాళ్ళు బహు తక్కువ.

"తీగ మీద ఎవడో చెవి పెట్టి ఉన్నాడనుకునే మొదలుపెట్టాలి, అమ్మాయ్" అన్నారు మొదటి రోజే.

ఆ డిపార్టుమెంటుకి సొంత కంప్యూటరు లేదు. పక్క డిపార్టుమెంటు వాళ్ళు ఖాళీ ఇచ్చినప్పుడు వెళ్ళి చేసుకోవాలి. ఊరూరా బ్రాంచీలున్న ఒక పెద్ద సంస్థ, తన ఉత్తర్వుల్ని తీగ మీద భద్రంగా పంపే పద్ధతి కావాలని యాజులు గారి దగ్గరికి వచ్చింది. పద్ధతి నచ్చితే డిపార్టుమెంటుకే ఒక కంప్యూటరు కొనిస్తామంది. ఆ ప్రాజెక్టులో ప్రోగ్రాములు రాయడానికి మన్మథరావుని పెట్టుకున్నారు. అతనిది కోటవురట్ల దగ్గర చెరుకు రైతుల కుటుంబం. సెలవులకి ఇద్దరూ ఒకే రైల్లో వచ్చేవారు గానీ, నర్సీపట్నం బస్సెక్కాక మాత్రం దూరం దూరంగా కూర్చునేవారు, చూసేవాళ్ళ నోళ్ళు మంచివి కావని.

యాజులు గారి పద్ధతిని లలితాంబ తండ్రికి ఇలా చెప్పింది. ప్రతి బ్రాంచీ తన తాళంకప్పల్ని అందరికీ పంచిపెడుతుంది. ఎవరైనా మాటని పెట్టెలో పెట్టి కప్ప నొక్కేయొచ్చు. తెరిచే తాళంచెవి మాత్రం ఆ బ్రాంచీ దగ్గరే ఉంటుంది.

"బావుంది. మా ఆఫీసుకి కూడా చేసి పెట్టు" అన్నారు సుందరరామయ్య గారు.

1984 వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీసు పని ఇంటికి తెచ్చుకున్నారు. తాలూకా ఆఫీసులకి వెళ్ళే సర్క్యులరు. లలితాంబ కవర్లకి జిగురు రాస్తోంది. లోపలి కాగితం అన్నిట్లోనూ ఒక్కటే, పైన అడ్రసే వేరు. రాస్తూ రాస్తూ చెయ్యి ఆపేసింది.

"ఏటమ్మా, అలా ఉండిపోయేవు?"

ఆమె పలక తీసి లెక్క మొదలుపెట్టింది. ఒకే మాటని మూడు వేరు వేరు తాళాలతో బిగించి పంపితే, దారిలో ఆ మూడూ పట్టుకున్నవాడు వాటిని పక్కపక్కన పెట్టి, ఏ తాళంచెవీ లేకుండానే లోపలి మాట చదివేయగలడు. మళ్ళీ చేసింది. అదే వచ్చింది. ఆ సాయంత్రం ఆమెకి అన్నం సయించలేదు.

సెలవులు అయిపోకుండానే వెళ్ళి యాజులు గారికి చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"నువ్వు చేసింది ఒప్పే. సంస్థవాళ్ళ ముందు డెమో అయిపోనీ, అమ్మాయ్. కంప్యూటరు వచ్చాక తీరిగ్గా సరిచేద్దాం. అందాకా ఎవరితోనూ అనకు" అన్నారు.

"అలాగేనండి" అంది లలితాంబ. ఆయన మాట కాదనడం ఆమెకి చేతకాదు.

డెమో రోజున టెర్మినల్ దగ్గర ఆమే కూర్చుంది. పక్కన మన్మథరావు. సంస్థ నుంచి వచ్చిన ఆఫీసరు పెద్దాయన, నెమ్మదస్తుడు. అంతా చూసి తలూపి, వెళ్ళబోతూ ఆగి అడిగారు.

"మా హెడ్డాఫీసు నుంచి రోజూ ఒకే ఆర్డరు బ్రాంచీలన్నిటికీ వెళ్తుంది. దానివల్ల ఇబ్బందేమీ లేదు కదా?"

"ఏమీ లేదండి" అన్నారు యాజులు గారు.

లలితాంబ కీబోర్డు వైపే చూస్తోంది. ఆఫీసరు ఆ ప్రశ్న వెయ్యకపోయి ఉంటే ఆమె నోరు విప్పేది కాదు.

"ఉందండి" అంది.

"వివరంగా చెప్పమ్మా" అన్నారు ఆఫీసరు. బోర్డు మీద చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ప్రాజెక్టు వద్దనుకున్నామని తరవాత కబురొచ్చింది. కంప్యూటరు రాలేదు. మన్మథరావు ఉద్యోగం పోయింది.

యాజులు గారు కోప్పడలేదు. "లలితాంబ గారూ, రేపట్నించి మీరు లైబ్రరీలో కూర్చుని రాసుకోండి" అన్నారు, అంతే. రెండేళ్ళుగా అమ్మాయ్ అని పిలిచిన మనిషి నోట ఆ 'మీరు' విని, హాస్టల్ గదిలో తలుపేసుకుని ఏడ్చింది. కారిడార్లో ఎదురైనవాళ్ళు తప్పుకుపోయేవారు. కొన్నాళ్ళు చూసి, పెట్టె సర్దుకుని నర్సీపట్నం వచ్చేసింది.

చదువు మధ్యలో మానేసి వచ్చిన పిల్లని చూసి ఊరు ఊరికే ఉంటుందా? అక్కడ ఎవరితోనో ఏదో జరిగిందన్నారు. వర్ధనమ్మ పేరంటాలకి వెళ్ళడం తగ్గించేసింది. తండ్రి అయినా తనవైపు ఉంటారనుకుంది లలితాంబ. ఆయన అంతా విని, "అబద్ధానికి తలూపకపోవడం మంచిదే. అయితే మాటిచ్చేవు కదమ్మా. ఇచ్చినప్పుడే కుదరదని ఎందుకు అనలేకపోయేవు?" అన్నారు. ఆ ప్రశ్న ఆమెని చాలాకాలం పీడించింది.

ఒకరోజు బస్టాండులో మన్మథరావు కనిపించాడు. ఎండకి నల్లబడ్డాడు. ఎరువు బస్తా పక్కన నిలబడి ఉన్నాడు.

"మీ మీద కోపం లేదండి" అన్నాడు తనే ముందుగా. "మీరు సెప్పింది నిజవే. కానీ నాకొక్క ముక్క ముందు సెప్పుంటే, నేను ఇంకో దారి సూసుకుందును కాదేటి? మీ పక్కనే కూకుని, ఏటీ తెలీకండా టైపు కొట్టేను."

ఆ సంగతి ఆమెకి తోచలేదు నిజంగానే. గురువు గురించీ, సంస్థ గురించీ, తన గురించీ ఆలోచించింది గానీ, పక్క కుర్చీ మనిషి గురించి ఆలోచించలేదు. "క్షమించండి" అనబోయేలోగా బస్సొచ్చింది. అతను బస్తా టాపు మీదకి ఎక్కించే హడావుడిలో పడిపోయాడు.

ఆ తరవాత ఇంట్లోనే కూర్చుని ఆ లోపం మీదే పనిచేసింది. నెలలు పట్టింది. దొరికాక చూస్తే మందు చాలా చిన్నది. మూసే ముందు ప్రతి పెట్టెలోనూ మాటతో పాటు, దేనికదే వేరుగా, ఒక అర్థంలేని అంకె కలిపితే చాలు. అప్పుడు ఏ రెండు పెట్టెల్లోనూ ఉన్నది ఒకటి కాదు. ఇంత చిన్నదా అని సంతోషం కన్నా దుఃఖమే ఎక్కువైంది.

రైలెక్కి వెళ్ళి యాజులు గారి ముందు పెట్టింది. ఆయన చివరిదాకా చదివారు.

"సరిగ్గా ఉందండి. ఆ రోజు మీరు ఊరుకుని ఉంటే, డెమో తరవాత ఇదే ఇచ్చేవాళ్ళం" అన్నారు.

"ఇచ్చేవాళ్ళమా, మాస్టారూ?" అంది లలితాంబ.

ఆయన కాగితాల అంచులు సరిచేసి పెట్టారు. "ఏమో, చెప్పలేను" అన్నారు. "థీసిస్ పూర్తి చెయ్యండి. నేను సంతకం పెడతాను."

పెట్టారు కూడా. 1987లో ఆమెకి డాక్టరేటు వచ్చింది. ఇద్దరి మధ్యా పాత చనువు మాత్రం మళ్ళీ రాలేదు. ఆమె నర్సీపట్నం వచ్చి ఒక కాలేజీలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. తాను చదివిన విద్యతో ఆ ఊళ్ళో ఎవరికీ అవసరం పడలేదు.

తనూ యాజులు గారూ చేసిన పని రీసెర్చి పత్రికలో అచ్చయినప్పుడు, పట్టుబట్టి మన్మథరావు పేరు కూడా వేయించింది. ప్రోగ్రాములన్నీ రాసింది అతనే కదా. ఒక కాపీ పట్టుకుని వాళ్ళూరు వెళ్ళింది. అతను చెరుకుతోటలోంచి వచ్చి, చేతులు కడుక్కుని, తన పేరు మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

"ఇది సూపిత్తే ఉజ్జోగం ఇత్తారేటండి?" అన్నాడు.

"ఇవ్వకపోవచ్చు" అంది.

అతను నవ్వాడు. ఆ కాగితాల్ని లోపల తన తల్లికి ఇచ్చి, తడి తగలని చోట పెట్టమన్నాడు. ఆమెకి చెరుకురసం ఇచ్చి, సాయంత్రం బస్సుకి తనే సైకిలు నడిపించుకుంటూ రోడ్డుదాకా వచ్చి సాగనంపాడు.