ఏడుతో హెచ్చవేయని సంఖ్య

ఆ రోజుల్లో మెట్రిక్ పాసైనవాడి కాళ్లు నేల మీద ఆనేవి కావు. నావి మరీ జానెడు పైన ఉండేవి. కల్వకుర్తి పక్కన మా ఊళ్లో, గొర్లు కాసే ఇళ్లలో మెట్రిక్ దాటిన మొదటివాణ్ణి నేనే. (రెండోసారికి దాటాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.) ఆ కరువు వేసవిలో బాపు మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు వలసపోతే, పంతులు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ నేనూ, మా అవ్వా ఇంట్లో మిగిలాం. నా గొప్ప వినడానికి ఆమె తప్ప దిక్కు లేదు.

ఒకనాడు 1,42,857 అనే సంఖ్యను ఆమె ముందు పెట్టాను. రెండుతో హెచ్చవేస్తే 2,85,714, మూడుతో 4,28,571. ఆరు దాకా ఎంతతో హెచ్చవేసినా అవే అంకెలు, అదే వరస, మొదలు మాత్రం మారుతుంది. మావాళ్లు దిష్టి తగులుతుందని మందను లెక్కపెట్టరు, ముఖాలు చూసి గుర్తుపడతారు. అవ్వ కూడా ఒకటి నల్లది, నాలుగు బొల్లిది, రెండు కుంటిది అంటూ ఆరింటికీ పేర్లు పెట్టేసింది. మరి ఏడుతోనో అని అడిగింది. అన్నీ తొమ్మిదులేనని, ఇంకా సరిగా మొలవని మీసం దువ్వుకుంటూ చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. "మన మొకం ఒక్కటి గూడ లేదు. మంద పోయినట్టే గదరా" అంది.

వారం తిరగకుండానే అవ్వకు జ్వరం పట్టుకుంది. మొదటిరోజు ఒకటితో, మర్నాడు రెండుతో, అట్లా రోజుకొక హెచ్చవేత చెప్పించుకునేది. ఆరు గొర్రెలూ వచ్చాయని తేలితే గాని గంజి ముట్టేది కాదు. దవాఖానకు బండి కడతానంటే, ముందు ఏడో దినం దాటనియ్యమంది. లెక్కల్లో అంతటి ఘనుణ్ణి, నేనూ నమ్మాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏడోనాడు పొద్దున నాకొక దివ్యమైన ఉపాయం తోచింది. ఏడును వదిలేసి ఎనిమిదితో హెచ్చవేసి, 11,42,856 అని చెప్పాను. అవ్వ కళ్లు మూసుకొని విని, చివరి ఏడు ఆరెట్లా అయిందని అడిగింది. అందులోంచి ఒకటి బయటికొచ్చి ముందు నిలబడిందన్నాను. "అయితే ఈనింది" అని సన్నగా నవ్వింది. గెలిచాననుకున్నాను. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

"ఏడును దాసినవ్ గదరా. లెక్క దాటిస్తే తప్పిపోయిన గొర్రె మర్లొస్తదా?"

అప్పుడు ఉరికాను బండి కోసం. ఎడ్లు కట్టించుకొని వచ్చేసరికి అవ్వ లేదు.

తరువాత ముప్పై ఏళ్లు లెక్కల పంతులుగా బతికాను. ఆ సంఖ్యను పిల్లలకు ఆరు దాకా చేసి చూపించి, ఎనిమిదికి పోయేవాణ్ణి. ఏడు వదిలేశారు సార్ అని ఎవడో ఒకడు లేచేవాడు. ఇంటికాడ చేసుకోరా అనేవాణ్ణి. మీసం రాకముందే దువ్వుకున్న ఆ మెట్రిక్ పాసు మహానుభావుణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు ఎదురుపడితే వాడితో లెక్కల సంగతి ఎత్తను. ముందు బండి కట్టరా అంటాను.