గుండె ఉన్న పేజీ

యాకుత్‌పురా స్టేషన్ల రైలు కోసం కూసున్న. నా పక్కన ఒకాయన తన చిన్న బిడ్డతోని వచ్చి కూసున్నడు. దవాఖానకు పోతున్నరని వాళ్ల మాటలల్ల తెలిసింది. ఆ పిల్ల నాయినమ్మకు అక్కడ గుండె ఆపరేషన్ చేస్తరంట.

పిల్ల చేతిల మనిషి శరీరం గురించి బొమ్మల పుస్తకం ఉన్నది. మొదటి పేజీ నుంచి కూడబలుక్కుంట చదువుతున్నది. ఇంక ఎముకల కాడనే ఉన్నది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"బాపూ, రైలొస్తది. గుండె ఇంక రాలే!"

"ఇది కథ కాదు బిడ్డా, అంత సదవాల్సిన పని లేదు," అన్నడాయన. ముందరి విషయసూచిక తీసి, "ఇందుల గుండె యాడుందో చూడు. పక్కన ఏం నంబరు రాసిండ్రు?" అని అడిగిండు.

పిల్ల వేలు పెట్టి వెతికి, ఆ నంబరు పేజీ తనే తీసింది. బొమ్మ కింద రాసిన ముక్కలు మెల్లగ చదివింది. మొఖం జర తేటపడ్డది.

"మరి నాయినమ్మకు మంచిగైతదా? అది ఏ పేజీల ఉంటది?"

ఆయన బిడ్డ తల నిమురుకుంట, "అది పుస్తకంల ఉండదు. డాక్టర్‌ సాబ్‌ను అడగాలె. నువ్వే అడుగు," అన్నడు.

రైలొచ్చింది. ఆ పిల్ల పేజీల వేలు అట్లనే పెట్టుకొని, డాక్టర్‌ను ఏమడగాల్నో లోపల్లోపల అనుకుంట ఎక్కింది.

ఇప్పుడు మా ఇంట్ల పిల్లలు ఏమన్న అడిగితే, "పుస్తకంల యాడుందో వెతుకుదాం పా," అంట. ఆ నాయినమ్మకు మంచిగైందా లేదా, నాకు ఇప్పటికీ తెల్వదు.