అమ్మ పేరిట ముద్ద

నా చిన్నప్పుడు మా ఊళ్లో బడి ఉంది, మా ఇంట్లో మేకలున్నాయి. పక్కింటి పిల్లకు బడి వచ్చింది, నాకు మేకలు వచ్చాయి. ఆ తర్వాత పెళ్లి, చాలా ఏళ్లకు ఒక ఆడపిల్ల, ఆ తర్వాత కువైట్. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఎవరిచేతనైనా రాయించవచ్చు కదా అంటారేమో. ఉత్తరాలు అట్లా చాలానే రాయించాను. కానీ పెన్ను ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు మనిషి క్షేమం మాత్రమే చెప్పుకుంటాడు. లోపలిది నోటిదాకా రాదు. అరవైకి దగ్గరపడ్డాక ఇప్పుడు నాలుగు అక్షరాలు వచ్చాయి. అవి ఎట్లా వచ్చాయో కూడా చెప్పాలి, ఎందుకంటే అవి నాకు ఊరికే రాలేదు.

మాది రాయచోటి వైపు ఒక చిన్న పల్లె. నాన్న నేను పుట్టిన ఏడాదికే పోయాడు. వానలు తప్పిన ఏడు మా అమ్మ ఊళ్లో ఆడవాళ్లతో కలిసి నెల్లూరు వైపు వరికోతలకు పోయేది. పోతే రెండు మూడు నెలలు. నన్ను మా జేజి దగ్గర, అంటే మా నాన్నను కన్నామె దగ్గర వదిలేది. నాకప్పుడు ఆరేళ్లు ఉంటాయి. అమ్మ పోయిన మొదటి రోజు నేను కూడు ముట్టలేదు. రెండో రోజు మా జేజి రాగిసంగటి కెలికి మూడు ముద్దలు చేసింది. ఒకటి తనకు, ఒకటి నాకు, మూడోది నిమ్మకాయంత.

"ఇది మీయమ్మది. ఆమెకు ఆడ ఆకలైతాంటాది. నువ్వు ఈడ తింటేనే ఆమె కడుపు నిండేది. ఊరికే సూస్తావేమే, తిను" అంది.

నేను నమ్మాను. ఆ రోజు నుంచి అమ్మ ముద్దే ముందు తినేదాన్ని. ఊరిబిండి పచ్చడి కారంగా ఉంటే అమ్మకు నోరు మండుతుందని చివర నీళ్లు కూడా తాగేదాన్ని. నా ముద్ద తినకపోయినా ఆమెది మాత్రం మిగిల్చేదాన్ని కాదు. ఒకసారి పక్కింటి అక్క నవ్వి, "మీయమ్మ ఆడ లావెక్కి కూసోనుంటాది పో" అంటే నాకు ఎంత గర్వంగా ఉండిందో.

ఒక మధ్యాహ్నం కోతలకు పోయినవాళ్లంతా తిరిగొచ్చారు. మా అమ్మ రాలేదు. ఇంకో పొలం ఒప్పుకుందట, పదిరోజుల్లో వస్తుందట. అందరి అమ్మలూ వాళ్ల వాళ్ల గడపల్లో కాళ్లు కడుక్కుంటూ ఉంటే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ పూట అమ్మ ముద్దను తీసుకుపోయి కుక్కకు వేశాను. మరుసటి రోజూ వేశాను. జేజి చూసింది. అయినా మానకుండా ప్రతిరోజూ మూడో ముద్ద చేసేది. నేను మానకుండా ప్రతిరోజూ కుక్కకు వేసేదాన్ని.

పదకొండో రోజు అమ్మ వచ్చింది. కోతల్లో జ్వరం తగిలి, మెడ ఎముకలు బయటికి వచ్చి, చీర కర్రకు చుట్టినట్టు ఉంది. ఆమెను చూడగానే నాకు లెక్క తేలిపోయింది. పది రోజులు నేను అమ్మకు కూడు పెట్టలేదు. గాదె వెనక దూరాను. అమ్మ చేతులు చాపి పిలిచినా రాలేదు. చూడటానికి వచ్చినవాళ్లు, "అయ్యో, కన్నతల్లినే మర్సిపోయిందే ఇది" అని నవ్వారు. మా జేజి మాత్రం, "మర్సిపోలేదు, బయపడింది" అంది.

వాళ్లంతా పోయాక అమ్మ గాదె పక్కన కూర్చుంది. నేను ఏడుస్తూ, నీ ముద్ద కుక్కకు వేశానని చెప్పాను. ఆమె జేజి వైపు చూసింది. జేజి తలొంచుకుని సంగటి కట్టె కడుగుతోంది.  అమ్మ నా చెయ్యి పట్టి బయటికి లాగి, "నువ్వు కుక్కకేసినావు సరే. నీ ముద్ద నేను తింటి గదా ఆడ. దినామూ తింటి. ఒగరు మర్సిపోయినా ఇంగొకరు తింటాంటే సాలు పాపా, తెగిపోదు" అంది.

జేజి ఆడిన అబద్ధం సంగతి అమ్మకు ముందు తెలియదు. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. నా ముఖం చూసి, ఆ నిమిషంలోనే ఆ అబద్ధాన్ని అందుకుని నా భయం తీసింది. అంతటి మాటను నేను పెద్దయ్యాక మూలన పారేశాను.

నేను కువైట్ వచ్చినప్పుడు నా కూతురికి ఆరేళ్లే. దాన్ని మా ఆడబిడ్డ దగ్గర వదిలాను. ముద్ద ఉపాయం గుర్తుకు రాక కాదు. మూడు నెలల ఎడబాటుకు పనికొచ్చేది ఇన్నేళ్లకు ఏం పనికొస్తుందిలే అనుకున్నాను. అరబ్బు ఇంట్లో వంటపని, ఇంటి యజమానురాలిని మామా అనాలి. అక్కడ మామా పిల్లలకు ముందు పెట్టి, మిగిలింది నిలబడి తిని, యల్లా, అంటే తొందరగా కానీ అని కేకేస్తే పరిగెత్తడమే. బిడ్డకు గౌన్లు పంపాను, బొమ్మలు పంపాను. మధ్యలో నాలుగుసార్లు పోయి వచ్చాను. ఇప్పుడు దానికి ఇరవై ఎనిమిదేళ్లు, ఒక బాబు. నన్ను "మీరు" అంటుంది. మా వైపు తల్లిని ఎవరూ మీరు అనరు. ఇంటికొచ్చిన చుట్టాన్ని అంటారు.

ముసలి మామా పోయాక, ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియా పేటలో ముగ్గురు టీచర్లుండే ఫ్లాట్‌లో వంటకు కుదిరాను. ఒకామె కేరళ, ఒకామె మద్రాసు వైపు, మూడో ఆమె మన గోదావరి పిల్ల. ఇక్కడి ఇండియన్ స్కూల్లో ముగ్గురికీ ఉద్యోగం. తెల్లారి ఐదింటికి ఇడ్లీలు దించాలి, ఐదూ ముక్కాలుకు కింద బస్సు హారన్ కొడుతుంది. మధ్యాహ్నం వచ్చేసరికి ముగ్గురికీ గొంతులుండవు, వేళ్ల నిండా మార్కర్ మరకలు. వేడినీళ్లలో ఉప్పు వేసిస్తే వరసగా నిలబడి పుక్కిలిస్తారు. ఆ తర్వాత నేల మీద నోటుపుస్తకాల కట్టలు, ఎర్ర పెన్నులు. సాయంత్రం ట్యూషన్ పిల్లలు. ఒకసారి కుక్కర్ కూత వేస్తే కేరళ టీచర్ తల ఎత్తకుండానే "సైలెన్స్!" అంది. ఆ మాట తలుచుకుని వారం రోజులు నవ్వుకున్నాం.

గోదావరి టీచరమ్మ పసిపిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. ఆమె భర్తకు ఓడల్లో పని. బిడ్డను ఇక్కడికి తెచ్చుకునే వీసాకు ఆమె జీతం చాలదన్నారు. మూడేళ్ల పాపను తల్లి దగ్గర వదిలి వచ్చింది. తోటి టీచర్లు సెలవులకు పోయినా, ఆమె వేసవిలో కూడా ట్యూషన్లు ఒప్పుకుని ఉండిపోయింది. శుక్రవారం బడికి సెలవు కాబట్టి, పదకొండున్నరకు పాపకు వీడియోకాల్. చిన్న పలక మీద అక్షరం రాసి ఫోనుకు చూపిస్తుంది. అక్కడ పాప దిద్దుతుంది. బాగా రాస్తే ఇక్కడ ఒక మెరుపు నక్షత్రం బిళ్ల తీసి పలకకు అంటిస్తుంది. నేను ఫోనుకు కనపడకుండా ఈ పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఉండేదాన్ని. ఒక శుక్రవారం ఆమె ఓరకంట చూసేసరికి, నేను నేల మీద వేలితో "అ" దిద్దుతున్నాను. నవ్వి, నాకూ ఒక కాగితం తోసింది. అప్పటి నుంచి ఆ బడిలో ఇద్దరం పిల్లలం. నాకూ నక్షత్రాలు వచ్చేవి, చేతి మీద అంటించేది. ఏడాదిన్నర గడిచింది. పాపకు ఒత్తులు రాకముందే నాకు వచ్చేశాయి.

మొన్న శుక్రవారం పాప వెనక ఎవరో పొరుగింటామె వచ్చి కూర్చుంది. ఆమె, "ఎవరమ్మా ఫోన్లో?" అని పాపను అడిగింది.

"మా ఫోను టీచరు" అంది పాప, తల ఎత్తకుండా, ప్రేమగానే.

"టీచరేంటే! మరి అమ్మేదీ?"

పాప చెయ్యి చాపి అమ్మమ్మ బుగ్గ మీద పెట్టింది. అమ్మమ్మ గాభరాపడి ఏదో సర్దబోయింది. ఈ పక్క మా టీచరమ్మ ముఖం మీద నవ్వు అట్లాగే ఉంది. "వెరీ గుడ్. ఇప్పుడు 'ఱ' దిద్దు తల్లీ" అంది. పూర్తి అరగంట పాఠం చెప్పింది. నక్షత్రం అంటించింది. టాటా చెప్పింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

"నేనే చేసుకున్నానండి పెద్దమ్మా. వారానికి అరగంట. ఊరికే కబుర్లు చెప్తే దానికేం మిగులుద్ది, నాలుగక్షరాలైనా మిగుల్తాయనుకున్నా. చూశారా, అక్షరాలే మిగిలాయి."

 ఆ అరగంటల్లో సగం నేను తిన్నాను. ఆ బిడ్డ దగ్గర తల్లి తరిగిన కొద్దీ నాకు అక్షరం పెరిగింది. ఆమె ఆ మాట అనలేదు, అనుకోలేదు కూడా. కానీ నా కాగితాల కట్ట వంటింటి అలమరలో కనపడుతూనే ఉంది. కుళాయి కట్టేసి, ఆమెను పీట మీద కూర్చోబెట్టి, మా జేజి మూడో ముద్ద సంగతి మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. కుక్క సంగతి కూడా దాచలేదు.

అంతా విని ఆమె, "మరి మీ అమ్మాయికి కూడా ఇలాగే నేర్పారా?" అని అడిగింది.

"లేదు తల్లీ" అన్నాను. "ఆడ అది తినలా. ఈడ నేనూ తినలా."

శనివారం కూడా సెలవే. పొద్దున సంగటి కెలికాను. పదకొండున్నరకు టీచరమ్మ పలక లేకుండా, పళ్లెంతో ఫోను ముందు కూర్చుంది. పాప పెన్సిలు పట్టుకుని సిద్ధంగా ఉంది. "టీచర్, ఈ రోజు ఏ అక్షరం?" అంది. అక్షరం లేదని, అన్నం తిందామని, ఈ చిన్న ముద్ద నీదేనని ఆమె చెప్పింది.  పాప వింతగా చూసి, "అమ్మమ్మా, టీచరు కూడా అన్నం తింటుంది!" అంది. అంతే. అద్భుతమేమీ జరగలేదు. పాప అమ్మా అనలేదు. కానీ టీచరమ్మ ఆ ముద్ద మొత్తం తిన్నది. సంగటి అలవాటు లేని గోదావరి మనిషి, ఒక్కొక్క తునకా కళ్లనీళ్లతో మింగింది.

ఆమె లేచాక నేను గిన్నెలో అడుగంటిన సంగటి తీసి నిమ్మకాయంత ముద్ద చేశాను. ఇరవై రెండేళ్ల తర్వాత. చల్లారిపోయి గట్టిపడింది. నా కూతురి పేరు చెప్పుకుని తిన్నాను. తర్వాత ఒక కాగితం తీసి, "పాపా, ఈ రోజు నీ ముద్ద నేను తిన్నాను" అని రాశాను. టీచరమ్మ ఫోటో తీసి నా ఫోను నుంచి పంపింది.

సాయంత్రం జవాబు వచ్చింది. నేనే చదువుకున్నాను. "ఎవరు రాసిచ్చారు మీకు? ముద్ద ఏంటి?"

ఆ రెండు ముక్కలు ఎన్నిసార్లు చదివానో. తప్పు దానిది కాదు. నా చేతిరాత ఎట్లా ఉంటుందో దానికెట్లా తెలుస్తుంది? నాకే మొన్నటిదాకా తెలియదు. అడగడానికైనా ఒక మాట అడిగింది కదా అనుకున్నాను. ముద్ద సంగతి ఒక ముక్కలో చెప్పేది కాదు. అది ఈ కాగితాల్లో చెబుతున్నాను. ఒకరు మరిచిపోయినా ఇంకొకరు తింటూ ఉంటే చాలని మా అమ్మ అన్న మాట నిజమో కాదో నాకు తెలియదు. నేను మధ్యలో ఇరవై రెండేళ్లు ఆపేసినదాన్ని. తెగిందో లేదో చెప్పాల్సింది నా కూతురు.

ఇక్కడ ఆదివారం బడి ఉంటుంది కాబట్టి, మరుసటి పొద్దున ఐదూ ముక్కాలుకు బస్సు వచ్చి టీచర్లను తీసుకుపోయింది. నేను స్టవ్ పక్కన కూర్చుని, పెద్ద అక్షరాలతో ఒకే మాట రాసి, నా చేత్తోనే ఫోటో తీసి పంపాను.

"నేనే."

తర్వాత సంగటి కెలికి రెండు ముద్దలు చేసి, ముందు దానిది తిన్నాను.