నాయన గుండెకు నేను చేసిన వంట

డిగ్రీ పూర్తయి ఉద్యోగం ఇంకా దొరకని ఆ రోజుల్లో, చిత్తూరులో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఉన్నారంటే నేను నమ్మేదాన్ని కాదు. గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేదాన్ని. మూసే వేళకు లైబ్రేరియన్ గారు తాళం చెవులు గలగలలాడిస్తే తప్ప లేచేదాన్ని కాదు. చదివినదంతా ఇంటికొచ్చి అమ్మకు బోధించేదాన్ని. (అమ్మ ఎప్పుడూ అడగలేదు.) నేను చివరి పరీక్షలు రాస్తున్నప్పుడే మా నాయనకు తిరుపతిలో గుండె ఆపరేషన్ జరిగింది. పాడైన కవాటం తీసేసి లోహపు కవాటం పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి, అప్పుడప్పుడూ తిరుపతి పోయి రక్తపరీక్ష చేయించుకోవాలి. నాకు తెలిసింది ఇంతే. మిగిలింది గ్రంథాలయం చెబుతుందని నా ధీమా.

చెప్పింది కూడా. అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో గుండెకు మేలు చేసే ఆహారం గురించి ఒక అధ్యాయం దొరికింది. నూనె తగ్గించండి, ఉప్పు తగ్గించండి, ఆకుకూరలు బాగా తినండి. ఆ సాయంత్రమే వంటిల్లు నా స్వాధీనమైంది. ఊరుబిండి (వేరుశనగల పచ్చడి, అది లేనిదే నాయనకు సంగటి గొంతు దిగదు) రద్దు. వడియాలు రద్దు. పొద్దున పాలకూర, మధ్యాహ్నం చిర్రాకు, రాత్రికి మునగాకు. ఆదివారం పక్కింటి కోడికూర వాసన పీలుస్తూ మేము పొన్నగంటాకు తిన్నాం.

"మేకన్నా మధ్యలో రొంతసేపు నెమరేస్తాది. మనకు ఆ తీరిక గూడా లేదు గదే!" అంది అమ్మ.

"నీకు తెలీదులేమ్మా, ఇది సైన్సు," అన్నాను.

"పాప సదివి సేస్తా ఉండాది. గమ్మున తిను," అని నాయన అమ్మను కసిరి, రెండోసారి కూడా ఆకే వేయించుకున్నాడు. నా పాండిత్యానికి అంతకంటే ఏం కావాలి?

తర్వాతి పరీక్షకు నేనే నాయనను తిరుపతి తీసుకెళ్ళాను. డాక్టరు ఫలితం చూసి ముఖం ముడుచుకున్నారు. "పోయినసారే మాత్ర పెంచాం. అయినా రక్తం ఇంకా చిక్కబడింది. ఆ కవాటం మీద గడ్డ కడితే ప్రాణానికే ముప్పు. నిజం చెప్పు పెద్దాయనా, మాత్రలు ఎగ్గొడుతున్నావు కదూ?"

నాయన ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. "రెండు మూడు దినాలు మర్సిపోయినా సార్."

నాకు ఒళ్ళు మండింది. "లేదు సార్! మాత్ర నేనే ఇస్తా. మింగినాక నోరు తెరిపించి చూస్తా!" నాయన నా చున్నీ కొస పట్టుకొని లాగాడు. నేను ఆగలేదు. "తిండి గూడా నేనే చూసుకుంటా సార్. మూడు పూటలా ఆకుకూరే," అని పాలకూర మొదలుకొని పొన్నగంటాకు దాకా వరసగా అప్పజెప్పి, మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను.

డాక్టరు కలం కింద పెట్టారు. "ఏం చదువుకున్నావమ్మా?"

"బీకాం సార్. అదిగాక గ్రంథాలయంలో చాలా చదివినా."

వెనక బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు నవ్వలేదు. ఆకుకూరల్లోని విటమిన్ కె రక్తం గడ్డకట్టడానికి సాయపడుతుందట. మాత్ర ఒకవైపు లాగుతుంటే నేను మూడు పూటలా రెండోవైపు లాగానట. "ఆకు మానొద్దు, ఉన్నట్టుండి పెంచొద్దు. ఎప్పుడూ తినేంతే తినాలి. ఆ పుస్తకం అందరి గుండెల కోసం రాసిందమ్మా. మీ నాయన గుండె అందరి గుండె కాదు," అన్నారు. ఇంటికి పంపడం కుదరదని, వార్డులో చేర్చుకొని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

మంచం పక్కన నిలబడి ఏడుస్తుంటే నాయన మెల్లగా చెప్పాడు. "ఆపరేషన్ అప్పుడే సెప్పినారు పాపా, ఆకు ఎక్కువ తినగూడదని."

"మరి నాకెందుకు చెప్పలేదు నాయనా?"

"నువ్వు అంత ముచ్చటగా వండి పెడతా ఉంటే ఎట్ల సెప్పేది? ఆకే గదా, ఏం సేస్తాదిలే అనుకొంటి."

భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు సరిగదా, నాయన పక్క మంచం మనిషి వైపు తిరిగి, "సూసినావా అప్పా, డాక్టరే మా పాపను ఏం సదివినావని అడిగినాడు!" అని గర్వంగా చెప్పుకున్నాడు.

రక్తం దారికొచ్చి ఇంటికి పంపేదాకా నేను ఆ మంచం పక్క స్టూలు మీదే ఉన్నాను. నర్సమ్మల ముఖం చూడలేక పుస్తకం ఒకటి ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని. ఒక్క అక్షరం ఎక్కితే ఒట్టు. దగ్గరగా ఒరిగితే నాయన ఛాతీలోంచి ఆ లోహపు కవాటం మూసుకునే చప్పుడు, చిన్న గడియారంలా, వినిపించేది. పుటలు తిప్పడం కూడా మరిచి, అది ఆగలేదు గదా అని వింటూ కూర్చునేదాన్ని. పుస్తకం వెనక దాక్కున్న ఆ సర్వజ్ఞురాలిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కానీ పూర్తిగా నవ్వలేను. ఎందుకంటే పక్క మంచం చుట్టాలు గట్టిగా మాట్లాడినప్పుడల్లా, సూది గుచ్చిన చెయ్యి కొంచెం పైకెత్తి, నాయన వాళ్ళను బతిమాలేవాడు:

"రొంత మెల్లగా అప్పా, మా పాప సదువుకుంటా ఉండాది."