నీళ్ళు తాగే కుక్కకు రోగమేంది?

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలకు కాస్త ఇవతల మా ఇల్లు. ఎనభైల్లో ఒక వేసవిలో మా పేటలోకి పిచ్చికుక్క వచ్చి ఇద్దరిని కరిచింది. ఇక చూడండి, తోక వాల్చి నడిచే కుక్క కనబడితే చాలు, కర్రలు లేచేవి. దానికొక పరీక్ష కూడా పెట్టారు మా మహానుభావులు. కుక్క ముందు నీళ్ళు పెట్టాలి. తాగితే మంచిది, తాగకపోతే పిచ్చిది. అంతే వైద్యం.

మా నల్లకుక్కకు అప్పటికి పదేళ్ళు. అమ్మ పోయిన ఏడాది నాన్న తన లారీలో తెచ్చుకున్న పిల్ల అది. అప్పట్నుంచీ ఆయన నాతో కంటే దానితోనే ఎక్కువ మాట్లాడేవాడు.

ఎదకొచ్చి తగ్గాక నెలకు అది డీలా పడింది. అన్నం ముట్టదు, కాళ్ళీడుస్తూ నడుస్తుంది, ఎప్పుడు చూసినా వెనక నాక్కుంటూ ఉంటుంది. ఒకరోజు ఐదారుగురు కర్రలతో మా వాకిట్లోకి వచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సత్తు గిన్నె నిండా నీళ్ళు తెచ్చి దాని ముందు పెట్టాను. చుక్క మిగల్చకుండా తాగింది. చూశారుగా, ఇక నడవండి అన్నాను. కర్రలు దించుకుని పోయారు. ఆ పూటంతా కోర్టులో కేసు గెలిచినట్టు తిరిగాను.

ఆ తర్వాత గిన్నె నింపిన కొద్దీ ఖాళీ చేసేది. పొట్ట ఉబ్బింది. ఎదురింటి పిన్ని చూసి కడుపుతో ఉందని తేల్చేసి, ఒక పిల్ల తనకే ఇవ్వాలంది. తోక కింద చీములాంటిది కారుతోంది, చెడ్డ వాసన.

"చానా నీళ్ళు తాగతందే ఇది. ఓసారి పశువులాసుపత్రిలో చూపిద్దాం" అన్నాడు నాన్న.

"నీళ్ళు తాగే కుక్కకు రోగమేంది? నీదంతా చాదస్తం" అన్నాను.

నాన్న మెత్తని మనిషి. నా నోటికి జడిసి ఊరుకున్నాడు.

పదిరోజులకు అది లేవలేకపోయింది. రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి పోయాం. డాక్టరు పొట్ట తడిమి, నీళ్ళు ఎక్కువ తాగుతోందా అని అడిగాడు. భేషుగ్గా తాగుతోందని గొప్పగా చెప్పాను.

"అదేనమ్మా రోగం. గర్భసంచి నిండా చీముంది. ఆ విషం ఒళ్ళంతా ఎక్కబట్టే ఈ దాహం" అన్నాడు. ఈడు మళ్ళిన ఆడకుక్కలకు ఎద తగ్గాక నెలా రెండు నెలలకు వస్తుందట. వారం ముందు తెచ్చినా గుంటూరు పంపి ఆ సంచి తీయించేవాడట.

ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆడవాళ్ళను పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించుకోమని మైకు పెట్టి ఊరూరా తిరుగుతారే, కుక్కకు ఇలాంటి రోగమొకటి వస్తుందని ఒక్కడైనా చెప్పాడా అని అడిగాను. ఆయన చేతులు కడుక్కున్నాడు. కుక్క ఆ ఆసుపత్రి వరండాలోనే పోయింది.

నాన్న దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. రిక్షాలో దారి పొడుగునా నేను కర్రలవాళ్ళనీ, పిన్నినీ, డాక్టరునీ తిడుతూనే ఉన్నాను. ఒక్కళ్ళను వదల్లేదు, నన్ను తప్ప. ఇంటి ముందు దిగాక నాన్న నోరు విప్పాడు.

"నేను గట్టిగా చెప్పాల్సిందమ్మా. తప్పు నాదే."

నాలుగు తన్నినా ఓర్చుకునేదాన్ని. ఆ మాటకు మాత్రం ఎక్కడలేని కోపం వచ్చింది.

"అవును, నీదే" అన్నాను.