కాటలాగక్క కాదనడం నేర్చిన ఏడాది

ఆమె గ్రంథాలయంలో పుస్తకాల జాబితా రాసే ఉద్యోగిని. ఆఫీసు కంప్యూటరులోని పాత ప్రోగ్రాం మాటిమాటికీ మొరాయిస్తుంటే విసిగి, జాబితా కోసం తనే ఒకటి రాసుకుంది. నలుగురికీ పనికొస్తుందిలే అని లోపలి కోడ్‌తో సహా నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి రెండు వందల గ్రంథాలయాలు దాన్ని వాడుతున్నాయి. అక్కడివాళ్లకు ఆమె కాటలాగక్క.

పేరొచ్చింది, తీరిక పోయింది. ఒకరికి అక్షరాలు పెద్దవి కావాలి, ఇంకొకరికి గడువు దాటిన పుస్తకాల పట్టీ వేరే కావాలి. ఆమెది మొహమాటం మనిషి. అడిగిన ప్రతివాళ్లకూ చూస్తానండి అనేది. అలా చూడాల్సినవి మూడు వందల పైచిలుకు పోగుపడ్డాయి. బస్సులో జవాబులు, టిఫిన్ డబ్బా ముందు జవాబులు. వాళ్లాయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. అత్తగారు మాత్రం తా దూర కంత లేదు, మెడకో డోలు అని ఒకసారి అననే అంది.

సాయం చేస్తామన్నవాళ్లు లేకపోలేదు. చూపులేని పిల్లల బడిలో పాఠాలు చెప్పే మాస్టారొకాయన, తెర మీది జాబితాను కంప్యూటరే పైకి చదివి వినిపించేలా మార్పు రాసి పంపారు. ఆమెకు నచ్చింది. కానీ రాసిన తీరు తన పద్ధతిలో లేదు. ఒకరోజు కూర్చుని అంతా దిద్ది కలుపుదామనుకుంది. ఏడు నెలలైనా ఆ కూర్చోవడం కుదరలేదు.

చివరికి ఆయన ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు. ఆమెకు అదే ఎక్కువ కష్టంగా తోచింది.

"నచ్చలేదంటే చెప్పండమ్మా, మానుకుంటాను. తీరిక లేదన్నా సరే. ఏదో ఒకటి తేలితే మా పిల్లలకు వేరే దారి చూస్తాను."

క్షమించమని అనబోయి ఆగింది. ఆ మాట ఇప్పటికే ఎంతమందికో రాసింది.

"నా ఒక్కదాని వల్ల కావట్లేదండి," అంది.

తొమ్మిదేళ్లలో ఆ ముక్క ఎవరితోనూ అనలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే కూర్చుని ఆ మూడు వందలూ ఒక్కొక్కటే తిరగేసింది. రెండు వందల పదిమందికి ఇది చెయ్యలేమని మర్యాదగా రాసింది. కొందరు అలిగారు. ఒకాయన నీకు తలపొగరెక్కిందన్నాడు. ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు. తర్వాత, మార్పులు పంపేవాళ్లు ఏం పాటించాలో, ఎన్నాళ్లలో జవాబొస్తుందో రెండు పేజీల్లో రాసిపెట్టింది. మాస్టారి మార్పును ఆయన రాసింది రాసినట్టే కలిపింది. ఇకపై వచ్చే మార్పులు చూసి కలిపే అధికారం ఆయనకూ ఇచ్చింది.

రెండో నెలలో ఆయన కలిపిన ఒక మార్పు వికటించి నలభై చోట్ల జాబితా తెరుచుకోలేదు. ఆమె అప్పుడు జ్వరంతో పడుకుని ఉంది. ఫోన్ అందుకోబోతే వాళ్లాయన తీసి బీరువా మీద పెట్టాడు.

"వాళ్లు చూసుకుంటార్లే. పడుకో."

లేచేసరికి సాయంత్రమైంది. మాస్టారు అప్పటికే ఆ మార్పు వెనక్కి తీసేసి, పొరపాటు తనదేనని, ఎలా జరిగిందో వివరంగా అందరికీ రాశారు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. చదివి ఊపిరి పీల్చుకుంది. లోపలెక్కడో చివుక్కుమంది కూడా.

ఇప్పుడా పనికి వారంలో రెండు పూటలే. అలసట మాత్రం పోలేదు. ఏళ్లుగా పేరుకున్నది, అంత తొందరగా పోదు. మొన్నొకావిడ జాబితా వరుస మార్చమని అడిగితే కుదరదని రెండు ముక్కల్లో రాసి, మొహం కడుక్కోవడానికి లేచింది. తిరిగొచ్చి, ఆవిడ నొచ్చుకుని జవాబేమైనా రాసిందేమోనని ఒకసారి చూసుకుంది.