పడవ మేకు

మా తోడికోడలు వీరమ్మక్కకి అబద్ధమాడ్డం చేతకాదు. భవానీపురంలో ఇద్దరం పక్కపక్కనే కత్తిపీటలేసుకుని ఏళ్ళతరబడి చేపలమ్ముతున్నాం. కొనేవాళ్ళు అడక్కముందే, "ఇది నిన్నటిదండీ, పులుసుకైతే పర్లేదు" అని తనే చెప్పేసేది. "నీ నోట్లో మన్నుపడ, ఆ మాట నువ్వే చెప్పాలా?" అని నేను మొత్తుకుంటే నవ్వేది. అట్లాంటి మనిషి ఒకే రోజు రెండు అబద్ధాలాడింది.

ఆమెకి ఒక్కతే కూతురు, సంపూర్ణ. అల్లుడు శివాజీకి ముంబైలో చేపల రేవులో పని. పురుటికి పిల్లని ఇక్కడికే తెచ్చుకోవాల్సింది, ప్రయాణం వద్దన్నారు డాక్టర్లు. అక్కడే మగపిల్లాడు పుట్టాడు. వాడు బాగానే ఉన్నాడు గానీ తల్లికే రక్తం ఆగలేదు. పొద్దున్నే శివాజీ ఫోన్ చేసి, "అత్తయ్యా, సంపూర్ణ మీకోసమే కలవరిస్తోంది, ఈపూటే వచ్చెయ్యండి" అని బావురుమన్నాడు. రైలైతే మర్నాటికి గానీ చేరదని విమానం టిక్కెట్టు కూడా అతనే తీశాడు. అక్క అంతకుముందు విమానం ఎక్కి ఎరగదు.

మా ఇంట్లో ఒక పడవ మేకుంది. మామగారి తాత నాటి పడవది, జానెడు పొడుగు. బాలింత తలకింద ఇనుము పెట్టాలి, గాలీధూళీ సోకకుండా. అక్క పురిటికీ, నా పురుళ్ళకీ, వీధిలో ఎందరికో ఆ మేకే పెట్టారు. ఒక బాలింత పేరున తీశాక దాన్ని మధ్యలో పారేస్తే ఆ పిల్లకే చేటంటారు. అక్క దానికి పసుపుదారం చుట్టి రొంటిన దోపుకుంది. "సంచిలో వెయ్యక్కా" అన్నా. "సంచి ఎవరి కాళ్ళకాడ పడుంటదో, వద్దు" అంది.

అప్పుడే సరిహద్దులో గొడవలు, దేశమంతా హై అలర్టంట. గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర మా ఆటోని మెయిన్ రోడ్డు మీదే ఆపేశారు. టిక్కెట్టు లేనివాళ్ళని గుమ్మం దాకా కూడా రానివ్వలేదు. లైను చూస్తే చాంతాడంత. చంకన పిల్లలు, చక్రాల కుర్చీల్లో ముసలాళ్ళు, అందరి సంచులూ విప్పించడమే. ఆఖరికి పాలసీసా మూత కూడా తీయించారు. ఎవడో ఎక్కడో బాంబు పెడతాడని పసిపిల్ల పాలు చల్లారిపోవాలా? వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు, కాదనను. నా కడుపుమంట నాది. అక్క లోపలికెళ్ళింది, నేను బారికేడు పట్టుకుని నిలబడ్డా.

లోపల జరిగింది తర్వాత తనే చెప్పింది. సంచి కౌంటర్లో ఇచ్చేసి తనిఖీకి వెళ్తే మిషను కూసింది. అక్కడి పోలీసమ్మాయి "ఏముందమ్మా?" అంటే, ఎక్కడ లాక్కుంటారోనని "ఏం లేదమ్మా, కాలి మెట్టెలు" అంది. అది మొదటి అబద్ధం. తెరచాటుకి తీసుకెళ్ళి వెతికితే మేకు బయటపడింది. అలర్టు రోజున ఇనుము దాచి లేదంటే ఊరుకుంటారా? పెద్దాఫీసరొచ్చాడు, హిందీలో గుచ్చిగుచ్చి అడిగాడు. అక్క ఏడుస్తూ తెలుగులో చెప్పింది. చివరికి ఆ అమ్మాయికే జాలేసి, "ఇది ఇక్కడ వదిలేసి పరిగెత్తమ్మా, ఇంకా టైముంది" అంది.

వదిలేసుంటే ఎక్కేది. "నా బిడ్డ ప్రాణం చెత్తబుట్టలో వెయ్యమంటావా?" అని, మేకు నా చేతికివ్వడానికి బయటికొచ్చేసింది. బయటికెళ్తే మళ్ళీ మొదట్నుంచీ లైన్లో రావాలని చెప్పారంట. మామూలు రోజైతే అదెంతసేపు!

"దుర్గా, పట్టుకో, ఇంటికి తీసుకుపో. కింద పెట్టమాక" అంటూ బారికేడు మీంచి మేకు అందించింది.

"మతిగాని పోయిందా అక్కా నీకు? పో, పరిగెత్తు!" అని అరిచా.

లైన్లో వాళ్ళందరి కాళ్ళూ పట్టుకున్నంత పనిచేసింది. కొందరు జరిగారు. ఒకాయన మాత్రం, "మా నాన్న శవం దగ్గరికెళ్తున్నానమ్మా, నాదీ అర్జెంటే" అన్నాడు. ఆయన్నేమంటాం? తనిఖీలన్నీ దాటేసరికి విమానం తలుపులు మూసేశారు. ఇంక రేపే అన్నారు.

రోడ్డు పక్కన ఇద్దరం చతికిలబడ్డాం. విమానం మా నెత్తిమీదుగానే పోయింది. అంతలో ఫోన్ మోగింది. శివాజీ ఫోను సంపూర్ణ నోటి దగ్గర పెట్టాడు.

"అమ్మా, ఎక్కావా?"

గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. అక్క నా వంక చూసింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, మళ్ళీ తీసి, "ఎక్కానమ్మా. వచ్చేస్తున్నా. నువ్వు పడుకో" అంది.

అది రెండోది. తల్లి వస్తోందన్న ధైర్యంతో పడుకుంది పిచ్చితల్లి. దీపాలు పెట్టే వేళకి పోయింది. మర్నాడు అక్క వెళ్ళింది, శవాన్ని చూడ్డానికి. పసివాణ్ణి తీసుకుని వచ్చింది.

మొన్న మా వీధి చివర పుల్లయ్య పెళ్ళాం వచ్చింది. గుంటూరు ఆస్పత్రిలో కూతురు ప్రసవించిందంట, మేకు కావాలంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ గుమ్మానికొచ్చి ఆ మాటెట్టా అడగబుద్దేసిందే నీకు?" అనేశా. అక్క నన్నాపి, మనవణ్ణి చంకనేసుకుని లోపలికెళ్ళింది. పసుపుదారం అట్లాగే ఉన్న మేకుని తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"తీసుకుపో. దోవలో ఎక్కడన్నా జారిపడితే వెతుక్కుంటా ఆగమాక. పిల్ల దగ్గరికి పో."